రేకు తట్టని మధ్యాహ్నం

ఆ షెడ్ల వరసలో అందరూ అతన్ని నిదానం అనేవారు. బండి కరెంటు పని ఏదొచ్చినా, "నిదానం దగ్గరికి తీసుకెళ్ళు, పని బాగుంటుంది. ఇంట్లో మాత్రం చెప్పి వెళ్ళు, ఎప్పుడొస్తావో తెలీదు" అనేవాడు ఎదురుగా సీటు కవర్లు కుట్టే అతను. నిదానం ఆ మాటకి నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. తీగ ఎక్కడ తెగిందో దొరికేదాకా దాని వెంబడే వేలు పోనిస్తూ ఉండేవాడు.

మొదట్లో బల్బులు, హారన్లు, సెల్ఫ్ మోటార్లు. తర్వాత బండ్లలోకి ఒక అల్యూమినియం పెట్టె వచ్చింది. ఈసీఎం. ఇంజనుకి డీజిలు ఎంత పోయాలో, ఎప్పుడు పోయాలో, ఫ్యాను ఎప్పుడు తిరగాలో చెప్పేది అదే. తక్కిన మెకానిక్కులు దాన్ని బండి మెదడు అన్నారు. నిదానం అనలేదు. "మెదడైతే సగం మర్చిపోయేది. ఇది మర్చిపోదు" అన్నాడు. తల నెరిసిన వయసులో పాత లాప్‌టాప్ ఒకటి కొనుక్కుని, కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని ఆ పని నేర్చుకున్నాడు.

ఆ పనిలో ఒక గండం ఉంది. కంపెనీ అప్పుడప్పుడు ఆ పెట్టెకి కొత్త ప్రోగ్రాం పంపుతుంది. పాతది చెరిపి కొత్తది రాయాలి. చెరపడం అయ్యాక, రాయడం పూర్తయ్యేలోగా ఆ పెట్టెకి ఏమీ తెలియదు. ఆ కాసేపూ బండికి కరెంటు తగ్గకూడదు. తగ్గితే రాత మధ్యలో ఆగిపోతుంది. పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. అందుకని నిదానం బ్యాటరీకి చార్జరు తగిలించి, లైట్లన్నీ ఆర్పి, బండి తలుపు ఎవరూ తీయకుండా చూసుకుని మొదలుపెట్టేవాడు. అంతకంటే ముందు, పెట్టెలో ఉన్న పాత రాతని లాప్‌టాప్‌లోకి తీసి దాచేవాడు.

ఇవన్నీ ఎవరైనా చేసేవే. అతనికి మాత్రమే ఉన్న ఇబ్బంది పక్క షెడ్డు.

పక్క షెడ్డు వెల్డింగ్ పనివాడిది. అతన్ని మెరుపు అనేవారు. రెండు షెడ్లకీ మధ్య రేకు ఒకటే అడ్డు. రెండింటికీ కరెంటు లైను కూడా ఒకటే. అక్కడ మెరుపు రాడ్డు ఆనిస్తే ఇక్కడ ట్యూబులైటు కుంచించుకుపోయేది. నిదానం ఈసీఎం పని మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి వెళ్ళి విషయం చెప్పాడు.

"నువ్వు రాసుకునేటప్పుడు చెప్పవయ్యా. నేను మాస్కు ఎత్తి టీ తాగుతాను" అన్నాడు మెరుపు.

"ప్రతిసారీ చుట్టూ తిరిగి రావాలా?"

"రేకు తట్టు. నాకు చెవుడు ఇంకా రాలేదు."

అలా మొదలైంది. నిదానం స్పానరుతో రేకు మీద రెండుసార్లు తడితే ఆపమని. అటునుంచి ఒకసారి తడితే సరేనని. పని అయ్యాక నిదానం మళ్ళీ ఒకసారి తట్టేవాడు. సగం అతికిన గేటు చేతిలో ఉన్నా, ఎదురుగా కస్టమరు నిలబడి అరుస్తున్నా, మెరుపు రాడ్డు పక్కన పెట్టేసేవాడు. ఎందుకాపావని ఎవరైనా అడిగితే, "పక్కన పరీక్ష రాస్తున్నారు" అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఒక్క పెట్టె కూడా చెడలేదు.

నిదానం కూతురూ మెరుపు కొడుకూ ఆ రేకుకి అటూ ఇటూ పెరిగారు. పెద్దవాళ్ళకి సంగతి చెప్పేసరికి, ఒప్పుకోవడం తప్ప పెద్దవాళ్ళు చేయడానికి ఏమీ మిగల్లేదు. పెళ్ళయింది. అప్పటిదాకా 'ఏమయ్యా' అని పిలుచుకున్నవాళ్ళు 'బావగారూ' అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. మాటల్లోకి మర్యాద వచ్చింది. మర్యాదతో పాటు పట్టింపులు కూడా వచ్చాయి.

అల్లుడు పార్సిళ్ళు తోలడానికి ఒక వ్యాను కొన్నాడు, పాతదే. మెరుపు ఇల్లున్న సందులోకి వ్యాను పట్టలేదు. కొన్నాళ్ళు సందు మొదట్లో పెట్టారు. ఎవరో అద్దం పగలగొట్టారు. నిదానం షెడ్డు పైన మూడు గదులున్నాయి. భార్య పోయాక అతను ఒక గదిలోనే ఉంటున్నాడు. షెడ్డు ముందు వ్యాను పెట్టుకునే చోటుంది. కూతురూ అల్లుడూ అక్కడికి మారారు. మారమని నిదానం అడగలేదు. వద్దనీ అనలేదు.

మెరుపు తన కొడుకుతో ఏమీ అనలేదు. టీ కొట్టు దగ్గర మాత్రం అన్నాడు. "మావాడు వ్యాను కొన్నాడనుకున్నాను. వ్యానే వాణ్ణి తోలుకుపోయింది." అందరూ నవ్వారు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆడపిల్లనిచ్చి మగపిల్లాణ్ణి తెచ్చుకున్నాడు మా బావగారు. బేరమంటే అది."

సీటు కవర్ల అతను ఆ మాట మోసుకొచ్చి నిదానం చెవిన వేశాడు. వేసి, "సరదాకే అన్నాడులే" అని కూడా చెప్పాడు.

నిదానం పోట్లాడలేదు. పోట్లాడటం అతనికి చేతకాదు. రేకు తట్టడం మానేశాడు. మెరుపు భోజనానికి ఇంటికెళ్ళినప్పుడో, ఏదైనా ఇంటికి గ్రిల్లు బిగించడానికి వెళ్ళినప్పుడో చూసుకుని ఈసీఎం పనులు చేసుకునేవాడు. కోపం కూడా అతనిది నిదానంగానే పనిచేసింది.

అల్లుడి వ్యాను కొండ ఎక్కుతున్నట్టు మూలగడం మొదలుపెట్టింది. బరువు వేస్తే లాగదు, లాగితే పొగ. పరీక్షించి చూస్తే ఈసీఎంకి కొత్త ప్రోగ్రాం వేయాలని తేలింది. అల్లుడు పొద్దున్నే లోడు దించి వచ్చి, వ్యాను షెడ్డులో పెట్టాడు. సాయంత్రం మళ్ళీ లోడుంది. నెలలుగా తిరిగి సంపాదించుకున్న కొత్త గోడౌను అది. వాళ్ళకి వ్యాను మొరాయించే మనిషి అక్కర్లేదు.

"ఇవాళ అవుతుందా మామయ్యా?"

"అవుతుంది. అద్దం దించి తలుపేసేసి వెళ్ళి కూర్చో."

నిదానం పాత రాత తీసి దాచాడు. చార్జరు తగిలించాడు. వ్యాను బ్యాటరీ ముసలిదని తెలుసు, చార్జరు ఉంటుందిలే అనుకున్నాడు. భోజనాల వేళ కావస్తోంది. పక్కన చప్పుడు లేదు. మెరుపు ఇంటికి వెళ్ళి ఉంటాడని అనుకోవడానికి వీలుంది.

అప్పుడు రేకు అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు నిదానానికి తెలుసు.

స్పానరు మేకుకి వేలాడుతోంది. చెయ్యి చాచితే అందుతుంది. అతను చెయ్యి చాచలేదు. నేనెందుకు తట్టాలి అనుకున్నాడు. ఈ పని వాడి కొడుకుదే కదా అనుకున్నాడు. రెండో ఆలోచన మొదటిదానికి సంజాయిషీలా వచ్చింది. అతను బటను నొక్కాడు.

తెర మీద నీలం గీత పాకడం మొదలైంది. పావు దాటింది. సగం దాటింది. అల్లుడు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

రేకు అవతల చిటపటమంది. ట్యూబులైటు ముడుచుకుంది. చార్జరు 'టక్' మని ఆగిపోయింది. నీలం గీత ఉన్నచోటే నిలబడిపోయింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత వ్యాను ముందు ఫ్యాను ఉన్నట్టుండి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. చెప్పేవాడు లేకపోతే ఫ్యాను అలాగే తిరుగుతుంది.

అల్లుడు లేచి వచ్చాడు. "ఏమైంది మామయ్యా?"

నిదానం తెర వైపే చూస్తున్నాడు. "మీ నాన్న మెషిను వేశాడు" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. అల్లుడు ఆ మాట పట్టుకుని పక్క షెడ్డుకి వెళ్ళాడు. ఆగమని నిదానం పిలవలేదు. రేకు గోడ వల్ల ప్రతి మాటా వినపడింది.

"నేను అక్కడ ఉండటం ఇష్టం లేకపోతే నా మొహం మీద అను నాన్నా. బండిని చంపడం ఎందుకు?"

"బండికేమైంది?"

"నీకు తెలీదా? ఇన్నేళ్ళుగా తెలీకుండానే ఆపుతున్నావా? టీ కొట్టు దగ్గర నన్ను నవ్వులపాలు చేసింది చాలదా? కన్నకొడుకు బతుకు మీద ఎవరికైనా ఇంత కసి ఉంటుందా?"

నిదానం చేతిలో తీగ పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు మెరుపు అనేస్తాడు అనుకున్నాడు. మీ మామ రేకు తట్టలేదురా అంటాడు. అంటే వెళ్ళి ఒప్పుకోవచ్చు. ఆ మాట కోసం ఎదురు చూశాడు. అవతల మెరుపు రాడ్డు కింద పెట్టిన చప్పుడు వినపడింది. అంతే.

"నీ దగ్గరికి ఇంక రాను" అన్నాడు కొడుకు.

ఆ రోజు పక్క షెడ్డులో మెషిను మళ్ళీ వేయలేదు.

నిదానం ఎదురు షెడ్డులో నిలిపి ఉన్న బండిలోంచి మంచి బ్యాటరీ తెచ్చి జతచేసి మళ్ళీ రాయబోయాడు. లాప్‌టాప్ పిలిచింది. పెట్టె పలకలేదు. ఇంకోసారి పిలిచింది. పలకలేదు. బండిలోంచి పెట్టెని విప్పి బల్ల మీద పెట్టాడు. అంచుల చుట్టూ ఉన్న జిగురుని వేడిగాలితో మెత్తబరిచి, సన్నటి బ్లేడుతో కొద్దికొద్దిగా మూత లేపాడు. లోపల ఆకుపచ్చ పలక. దాని మీద ఒకచోట ఆవగింజకంటే చిన్న చుక్క. ఆ చుక్కకి సూదిలాంటి తీగ ఆనించి, దాన్ని ఎర్తుకి కలిపి, అప్పుడు కరెంటు ఇవ్వాలి. అలా ఇస్తే చిప్పు తనలో ఏముందో చూసుకోదు. బయటినుంచి చెప్పింది వింటుంది. వినడం మొదలుపెట్టేదాకా తీగ కదలకూడదు.

నిదానం చెయ్యి ఈ మధ్య కొంచెం వణుకుతోంది. అల్లుణ్ణి పిలవబోయాడు. అల్లుడు బయట ఫోనులో గోడౌను వాళ్ళని బతిమాలుతున్నాడు. నిదానం కూతుర్ని పిలిచాడు. చిన్నప్పుడు బల్ల మీద కూర్చుని బల్బులకి తీగలు అతికిన పిల్ల. ఆమె వచ్చి, భూతద్దం లాక్కుని, తీగని చుక్క మీద ఆనించింది. నిదానం కరెంటు ఇచ్చాడు.

"నాన్నా."

"ఊఁ."

"పైన బట్టలు మడత పెడుతున్నాను. రేకు చప్పుడు వినపడలేదు."

"చెయ్యి కదపకు."

"కదపట్లేదు. తట్టావా?"

నిదానం తెర వంక చూస్తూ ఉన్నాడు. పెట్టె ఇంకా పలకలేదు.

"తట్టలేదు."

"మామయ్య పక్కనే ఉన్నాడని తెలుసా?"

"దగ్గు వినపడింది."

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే తీగ కదులుతుంది. కాసేపటికి లాప్‌టాప్ చిన్నగా కూసింది. పెట్టె వింటోంది. నిదానం పొద్దున దాచిన పాత రాతని అందులోకి వదిలాడు.

"మా ఆయనతో నువ్వే చెప్పు" అంది కూతురు. "నేను చెబితే నీ మీద చాడీ చెప్పినట్టుంటుంది. నువ్వు చెబితే నిజం చెప్పినట్టుంటుంది."

"చెబుతాను."

"ఎప్పుడు?"

"ముందు బండి లేవనీ."

బండి లేచింది. పెట్టె బిగించి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది, ఫ్యాను ఊరుకుంది. కొత్త ప్రోగ్రాం లేదు, పాత మూలుగు అలాగే ఉంది, కానీ లోడు మోయగలదు. అల్లుడు నిదానం రెండు చేతులూ పట్టుకున్నాడు. "మా నాన్న చేసినదానికి మీరు లేకపోతే రోడ్డున పడేవాణ్ణి మామయ్యా" అన్నాడు.

చెప్పాల్సింది అప్పుడు. నోరు తెరవాల్సిన చోటు అదే. నిదానం, "లోడుకి టైమవుతోంది, వెళ్ళు" అన్నాడు.

తర్వాత చెప్పడానికి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డొచ్చింది. అల్లుడు అలసిపోయి ఉన్నాడు. అల్లుడు మంచి హుషారులో ఉన్నాడు. కూతురు కంచం పెడుతూ, "చెప్పావా?" అనేది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. అడగకుండా పెట్టిన అన్నం ఎక్కువ సేపు నమలాల్సి వచ్చింది.

అలా ఉండగా ఒక పొద్దున పక్క షెడ్డు ముందు ట్రాలీ ఆటో ఆగింది. మెరుపు తన మెషినునీ, కేబుల్ చుట్టలనీ, కోత మెషినునీ అందులోకి ఎక్కిస్తున్నాడు. ఊరి చివర కొత్త ఇళ్ళు లేస్తున్నాయనీ, అక్కడ కిటికీ గ్రిల్లులకి గిరాకీ ఉందనీ అందరికీ చెప్పాడు. సీటు కవర్ల అతను ఒక చెయ్యి వేశాడు. వ్యాను అక్కడే ఉంది. అల్లుడు పైనుంచి దిగలేదు. నిదానం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. చేతులకి ఏమీ అంటలేదు.

ఆటో ఎక్కబోతూ మెరుపు ఇటు చూశాడు. "ఇంక మీ కరెంటు మీదే బావగారూ" అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

ఆ షెడ్డులోకి ప్లాస్టిక్ కుర్చీల గోడౌను వచ్చింది. కుర్చీలు చప్పుడు చేయవు. ట్యూబులైటు ఇప్పుడు నిలకడగా వెలుగుతోంది.

నిదానం చివరికి వ్యానులో చెప్పాడు. కొత్త బ్యాటరీ తేవడానికి అల్లుడితో కలిసి వెళుతున్నాడు. దారిలో, ఎదురుగా రోడ్డు చూస్తూ, "ఆ రోజు నేను రేకు తట్టలేదు. మీ నాన్న ఉన్నాడని తెలిసే తట్టలేదు" అన్నాడు.

అల్లుడు వ్యానుని పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు.

"నేను ఆయన్ని ఏమేమన్నానో మీకు వినపడింది కదా?"

"వినపడింది."

"వింటూ కూర్చున్నారు."

నిలబడే విన్నానని చెప్పబోయి నిదానం ఊరుకున్నాడు. అల్లుడు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. అరుస్తాడేమో అనుకున్నాడు నిదానం. అరిస్తే బాగుండేది.

"ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను ఆయన దగ్గరికి?" అన్నాడు అల్లుడు. నిదానాన్ని అడిగినట్టు లేదు.

బ్యాటరీ తెచ్చారు. బిగించారు. అల్లుడు అంతకు ముందులాగే మామయ్యా అంటున్నాడు, అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. భోజనం మాత్రం తర్వాత చేస్తానంటున్నాడు. తండ్రి దగ్గరికి వెళ్ళలేదు. ఊరి చివర లోడు వస్తే ఇంకొకరికి ఇచ్చేస్తున్నాడని కూతురు చెప్పింది.

నిదానం ఒక మధ్యాహ్నం షెడ్డు మూసి బస్సెక్కాడు. చివరి స్టాపులో దిగి, సిమెంటు బస్తాల పక్కనుంచి అడుగుతూ అడుగుతూ వెళ్ళాడు. నాలుగు కర్రల మీద రేకు వేసిన పందిరి. మెరుపు ఒక్కడే ఉన్నాడు. మాస్కు దించుకుని గ్రిల్లు అతుకుతున్నాడు. నిదానం మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. వెలుగు ఆగాక తిరిగాడు.

"రండి బావగారూ. కుర్చీ లేదు. ఆ పెయింటు డబ్బా మీద కూర్చోండి, నిండుగానే ఉంది, ఒరగదు."

నిదానం కూర్చున్నాడు. "అల్లుడికి చెప్పాను" అన్నాడు. "రేకు తట్టలేదని."

మెరుపు సుత్తితో అతుకు మీది పెచ్చు రాలగొడుతున్నాడు. "తట్టలేదని నాకు తెలుసుగా."

"మరి ఆ రోజు వాడితో ఎందుకనలేదు?"

"అడిగితే అనేవాణ్ణి. వాడు అడగడానికి రాలేదు. అంతా తెలుసుకునే వచ్చాడు." పెచ్చు ఇంకొంచెం రాల్చాడు. "మీరు తట్టలేదంటే ఇవాళ రాయడం లేదనుకున్నాను. కోపముంది, తెలుసు. ఉన్నా రాసేటప్పుడు తడతారనుకున్నాను. కోపం వేరు, పని వేరు అనుకున్నాను."

"తప్పు నాది" అన్నాడు నిదానం.

"మీదైతే నాకేం ఒరిగింది బావగారూ? టీ కొట్టు దగ్గర నోరు పారేసుకున్నది నేను. అదెవరిది?" మెరుపు సుత్తి పక్కన పెట్టాడు. "వాడేమన్నాడు, చెబితే?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అన్నాడు."

మెరుపు తల ఊపాడు.

"ఆ రోజే మీరు చెప్పి ఉంటే సాయంత్రానికి వచ్చేసేవాడు. తర్వాత నామీద కోపం పెట్టుకున్నాడు, బాగానే ఉంది. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు తిట్టడానికైనా వస్తాడని చూస్తున్నాను. ఇప్పుడు సిగ్గు పడ్డాడు. సిగ్గుపడ్డవాడు రాడు."

"నేను తీసుకొస్తాను."

"మీరు తెస్తే మీ కోసం వచ్చినట్టుంటుంది. వద్దు." మెరుపు లేచి, గ్రిల్లు రెండో పలక ఎత్తి మొదటిదాని పక్కన నిలబెట్టాడు. అది ఒరిగిపోతోంది. "వచ్చారుగా, కాస్త ఇది పట్టుకోండి. కుర్రాడు ఇవాళ రాలేదు. ఇంకో మాస్కు లేదు, కళ్ళు మూసుకోండి."

నిదానం రెండు చేతులతో పలక పట్టుకున్నాడు. ఇనుము ఎండకి కాలుతోంది. కళ్ళు మూసుకున్నాడు. రాడ్డు ఆనిన చప్పుడు, రెప్పల మీద ఎర్రటి వెలుగు. చేతుల వణుకు ఇనుములోకి పోకుండా బిగించి పట్టుకున్నాడు. చప్పుడు ఆగింది. తట్టిన చప్పుడేమీ రాలేదు. అయిందో లేదో తెలియక, నిదానం కళ్ళు తెరవకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు.